మన నూకలు తినే దేశం

2022 సెప్టెంబరు 6న సంగం, నెల్లూరు బ్యారేజీలను ప్రారంభించారు. 1855 నాటి ఆనకట్ట కింద, 1886 నాటి ఆనకట్ట కింద తాతల కాలం నుంచి సాగు చేస్తున్న మనకు అది పండగ రోజే. రెండు రోజులు తిరిగేసరికి, 8వ తేదీన, ఢిల్లీ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మర్నాటి నుంచి నూకల ఎగుమతి బంద్, పచ్చిబియ్యం ఎగుమతి మీద 20 శాతం సుంకం. అప్పటికి ఎడగారు ధాన్యం ఇంకా రోడ్ల పక్కన కుప్పలుగా ఉంది. అప్పటి మద్దతు ధర క్వింటాకు 1,940 రూపాయలు. మన 850 కిలోల పుట్టికి లెక్క వేస్తే 16,490. ఆ దరిదాపుల్లో కూడా అడిగినవాడు లేడు. పైగా పుట్టికి అదనంగా తరుగు. ఉత్తర్వు సంగతి తెలిశాక వ్యాపారులకు ఇంకో సాకు దొరికింది: "నూకలు పోవు రెడ్డీ, మేమేం చేసుకోవాలి?"

నూకలు పోకపోతే ధాన్యం రేటు ఎందుకు పడుతుందని మనలో చాలామంది అడిగారు. మిల్లు లెక్క తెలిస్తే ఆ సంగతి బోధపడుతుంది. క్వింటా ధాన్యం ఆడిస్తే ప్రభుత్వం లెక్క ప్రకారం 67 కిలోల బియ్యం రావాలి. అందులో నూక నాలుగో వంతు దాకా ఉండవచ్చని ప్రభుత్వ కొనుగోలు నిబంధనే ఒప్పుకుంటుంది. ఎండాకాలం కోసిన ధాన్యంలో గింజ పగుళ్ళు ఎక్కువ కాబట్టి పచ్చిగా ఆడిస్తే నూక ఇంకా పెరుగుతుంది. మిల్లరు బియ్యం, నూక, తవుడు, ఊక, నాలుగింటి ధరా కూడుకుని మన కయ్య దగ్గరికి వస్తాడు. అందులో ఏ ఒక్కటి పడిపోయినా ఆ నష్టం తను మోయడు, కాటా దగ్గర మన నెత్తిన వేస్తాడు.

ఇంతకీ ఆ నూకలు ఎవరు తింటున్నారు? మనం ఎప్పుడూ అడగని ప్రశ్న ఇది. మన ఇళ్ళలో నూకలంటే ఉప్మాకో, జావకో, కోళ్ళకో. ఒకప్పుడు కూలికి నూకలు కొలిచేవాళ్ళు, అది పేదరికానికి గుర్తు. చనిపోయిన మనిషిని గురించి "నూకలు చెల్లాయి" అనుకునే జాతి మనది. కానీ నూకలనే పెళ్ళి భోజనంగా వడ్డించుకునే దేశం ఒకటి ఉంది. ఆఫ్రికా ఖండానికి పడమటి కొసన, అట్లాంటిక్ ఒడ్డున, సెనెగల్. ఆ దేశం గురించి ఈసారి సంపాదకీయం ఎందుకని అనుకోవద్దు. చివరిదాకా చదివితే అది మన కథేనని మీకే తెలుస్తుంది.

వైశాల్యంలో సెనెగల్ మన రాష్ట్రం కంటే కొంచెం పెద్దది. జనాభా సుమారు కోటి 80 లక్షలు, అంటే మనలో దాదాపు మూడో వంతు. రాజధాని డాకర్. ఊలోఫ్, ఫులా, సెరేర్, జోలా, మాండింకా, ఇలా అనేక జాతులున్నా ఊలోఫ్ భాష అందరికీ వచ్చు. నూటికి 95 మంది ముస్లింలు. అయినా దేశానికి తొలి అధ్యక్షుడు, 1960 నుంచి 20 ఏళ్ళు పాలించిన సెంఘోర్ క్రైస్తవుడు, పేరున్న కవి కూడా. 1980 చివరిరోజు తనంతట తానే పదవి వదిలి వెళ్ళాడు. మన దగ్గర అలా దిగిపోయినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టాలి.

వాళ్ళ జాతీయ వంటకం పేరు చెబుజెన్. చేబ్ అంటే బియ్యం, జెన్ అంటే చేప. ముందు చేప ముక్కల్లోకి కొత్తిమీర లాంటి ఆకు, వెల్లుల్లి, మిరపకాయ నూరి కూరతారు. నూనెలో వేయించి, టమోటా, క్యారెట్, వంకాయ, కర్రపెండలం, క్యాబేజీ వేసి ఉడికిస్తారు. చేపను, కూరగాయలను బయటికి తీసి, ఆ పులుసులోనే నూకలు ఉడకబెడతారు. నూక అయితేనే ఆ పులుసును పీల్చుకుంటుందట, నిండు గింజకు ఆ రుచి రాదట. పక్కన చింతపండు పులుపు కూడా ఉంటుంది. డాకర్ అనే పేరే వాళ్ళ భాషలో చింతచెట్టు పేరు నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. నెల్లూరు చేపల పులుసు తిన్నవాడికి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పెద్ద పళ్ళెం ఒకటి మధ్యలో పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని తింటారు, ఎవరి ముందున్నది వాళ్ళు. దారినపోయేవాడు వచ్చినా జరిగి చోటిస్తారు. ఆ మర్యాదకు వాళ్ళు పెట్టుకున్న పేరు తెరంగా. 2021లో ఐక్యరాజ్య సమితి విద్యా, సాంస్కృతిక సంస్థ చెబుజెన్‌ను మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఇంత చక్కటి వంటకం వెనక ఉన్న చరిత్ర మాత్రం అంత చక్కగా లేదు.

సెనెగల్ మెట్ట దేశం. మూడు నాలుగు నెలల వానతో పండే సజ్జలు, జొన్నలు అక్కడి జనం అసలు తిండి. ఈనాటికీ పల్లెల్లో రాత్రి భోజనం సజ్జలదే. దక్షిణాన కాసమాన్స్ ప్రాంతంలో జోలా రైతులు మాత్రం ఎన్నో శతాబ్దాలుగా మడ నేలల్లో కట్టలు పోసి, ఉప్పు కడిగి, వరి పండిస్తున్నారు. మన వరి ఆసియా జాతిది. వాళ్ళు మొదట సాగు చేసింది ఆఫ్రికాలోనే పుట్టిన వేరే జాతి వరి. అంటే ఆఫ్రికావాళ్ళకు వరి మనం నేర్పింది కాదు.

ఫ్రెంచి వాళ్ళకు ఆ సజ్జలూ అక్కర్లేదు, ఆ వరీ అక్కర్లేదు. బానిసల వ్యాపారానికి కాలం చెల్లాక వాళ్ళ కన్ను వేరుశనగ మీద పడింది. మార్సెయ్ రేవులోని నూనె, సబ్బు ఫ్యాక్టరీలకు గింజ కావాలి. 19వ శతాబ్దం మధ్య నుంచి సెనెగల్ పడమటి, నడిమి జిల్లాలన్నీ వేరుశనగ చేలయ్యాయి. కాయ రేవుకు చేరడానికి సెయింట్ లూయీ నుంచి డాకర్‌కు రైలు వేశారు, 1885లో పూర్తయింది. కయోర్ రాజు లాట్ జోర్ ఆ రైలు తన నేలమీదుగా పోకూడదన్నాడు. రైలు వస్తే రాజ్యం పోతుందని ఆయనకు అర్థమైంది. 1886లో ఫ్రెంచి సైన్యంతో పోరాడి చనిపోయాడు. ఈనాటికీ సెనెగల్ పిల్లలు ఆయన్ను జాతీయ వీరుడిగా చదువుకుంటారు. ఆ తర్వాత డాకర్ నుంచి లోపలి మాలీ వైపు వేసిన పెద్ద లైనులో 1947 అక్టోబరు నుంచి 1948 మార్చి దాకా ఆఫ్రికన్ రైల్వే కార్మికులు అయిదు నెలలకు పైగా సమ్మె చేశారు. ఒకప్పుడు మార్సెయ్ రేవులో మూటలు మోసిన సెంబెన్ ఉస్మాన్ ఆ సమ్మె మీద 1960లో పెద్ద నవల రాశాడు. కూలీ చేసినవాడు రాసిన పుస్తకం కాబట్టి ఈ సంగతి చెప్పాలనిపించింది.

చేనంతా వేరుశనగైతే తిండి ఎక్కడిది? దానికీ ఫ్రెంచి వాళ్ళ దగ్గర ఉపాయముంది. ఆనాడు వియత్నాం, కంబోడియా కూడా వాళ్ళ వలసలే. సైగాన్ మిల్లుల్లో మంచి బియ్యం వేరే దేశాలకు పోగా మిగిలిన నూకలకు గిరాకీ లేదు. వాటిని ఓడల్లో తెచ్చి సెనెగల్‌లో దించారు. వేరుశనగ అమ్మిన డబ్బుతో రైతు ఆ నూకలు కొన్నాడు. ఒక వలసలో చెత్త కింద లెక్క వేసినది ఇంకో వలసలో ఆహారమైంది, రెండు వైపులా లాభం ఒకే కంపెనీలకు పోయింది. ఆ నూకలకు ఆడవాళ్ళు తమ ఊరి చేపను, తమ చేతి గుణాన్ని కలిపి ప్రపంచం మెచ్చే వంట చేశారు. గొప్పతనం ఏదైనా ఉందంటే అది వాళ్ళది.

1960లో స్వాతంత్య్రం వచ్చింది, వేరుశనగ మాత్రం పోలేదు. ఫ్రాన్సు ఇచ్చే ఎక్కువ ధర 1967, 68 నాటికి ఆగిపోయింది. అదే సమయంలో ఏళ్ళ తరబడి కరువు. ప్రభుత్వం పెట్టిన కొనుగోలు సంస్థ ఒన్‌కాద్ విత్తనం అప్పు కోసుకుని, తరుగు కోసుకుని, మిగిలిందేదో చీటీ మీద రాసి ఇచ్చేది. రైతులు అలిగి వేరుశనగ తగ్గించి మళ్ళీ సజ్జలు వేశారు. చరిత్రకారులు దానికి రైతుల అసంతృప్తి అని పేరు పెట్టారు. మన భాషలో అయితే పంట విరామం అనొచ్చు. 2011లో కోనసీమ రైతులు చేసిందీ అలాంటిదే. 1980లో ఒన్‌కాద్ అప్పుల్లో మునిగి మూతపడింది. 1994 జనవరిలో వాళ్ళ డబ్బు విలువను ఒక్క దెబ్బకు సగం చేశారు. దిగుమతి బియ్యం ధర ఎగిసిపోయింది. ఆ మరుసటి సంవత్సరాల్లో బియ్యం దిగుమతిని ప్రభుత్వం వదిలేసి ప్రైవేటు వ్యాపారుల చేతికిచ్చింది. ఇప్పుడు ఆ దేశం ఏటా 10 లక్షల టన్నులకు పైగా బియ్యం కొంటోంది. అందులో ఎక్కువ భాగం నూకలే, అమ్మే దేశాల్లో మనది ముందు వరస.

ఆ దేశపు కుర్రవాళ్ళు చేపల పడవలెక్కి స్పెయిన్ దీవులకు పోతున్నారు. "బార్సిలోనా, లేదంటే పరలోకం" అని వాళ్ళలో ఒక మాట ఉంది. పెద్ద పెద్ద విదేశీ ఓడలు ఊడ్చుకుపోగా తీరంలో చేప తగ్గింది. పేదవాడి చేపైన యాబోయ్‌ను చేపల పొడి ఫ్యాక్టరీలు ఎత్తుకుపోయి, వేరే దేశాల చేపల చెరువులకు మేత చేస్తున్నాయి. కడలూరు స్పీడు బోట్లతో తగవు పడే మన పట్టపుపాళేల వాళ్ళకు ఈ గోడు తెలుసు.

ఇక మన ఒడ్డుకు వద్దాం. నెల్లూరు పేరులోనే నెల్లు ఉందంటారు, నెల్లంటే వరి. మొలగొలుకులు పండించిన నేల ఇది. 1990ల మొదట్లో ఇక్కడ రొయ్య వచ్చింది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, తీరం వెంట కయ్యలు గుంటలయ్యాయి. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు తుడిచిపెట్టింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథన్ కేసులో తీరం వెంట గుంటల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత చట్టం వచ్చింది, 2009లో వనామీ వచ్చింది, గుంటలు మళ్ళీ పెరిగాయి. పక్క గుంట ఉప్పుకు వరి కయ్య చౌడైతే, ఆ రైతు కూడా చివరికి కౌలుకిచ్చి గుంట తవ్విస్తాడు. అది ఇష్టంతో చేసిన పని కాదు, అయినా రికార్డులో ఇష్టమనే ఉంటుంది.

మనలో చాలామందికి రొయ్య డబ్బులిచ్చింది, పిల్లల్ని చదివించింది. దాన్ని నేను కాదనను. మన మీదికి ఎవడూ తుపాకి పట్టుకుని రాలేదు, లాట్ జోర్ కథ మనది కాదు. కానీ 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఏం జరిగింది? ఎగుమతిదారులు కౌంటు రేటు తగ్గించారు. మేత రేటు తగ్గలేదు, కరెంటు తగ్గలేదు, గుంట కౌలు తగ్గలేదు. మార్సెయ్‌లో ధర పడితే కావలక్ సంతలో వేరుశనగ రైతు ఎలా తల పట్టుకున్నాడో, మన రైతూ అలాగే గుంట గట్టున కూర్చున్నాడు. ఒకే కొనుగోలుదారు మీద, ఒకే పంట మీద ఆధారపడిన తీరం ఏదైనా అంతే. రొయ్య అమ్మి బియ్యం కొనుక్కునే ఊళ్ళు ఇప్పటికే మన మండలాల్లో ఉన్నాయి.

మళ్ళీ నూకల దగ్గరికి. 2022 సెప్టెంబరులో నూకలు ఆపారు. 2023 జులై 20న పచ్చిబియ్యం పూర్తిగా ఆపారు. ఆ ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. సెనెగల్, గాంబియా వంటి దేశాలు ప్రభుత్వం ద్వారా అడిగితే కొంత వదిలారు. 2024 సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక్కొక్కటిగా ఎత్తేశారు. నూకల మీద నిషేధం 2025 మార్చిలో గానీ పోలేదు. రెండున్నరేళ్ళు. అంతకుముందు 2008లోనూ ఇదే తంతు, ఆ తాళం 2011లో తీశారు. 2008లో డాకర్ వీధుల్లో ధరల మీద జనం ఊరేగింపులు తీశారు. ప్రపంచం కొనే బియ్యంలో సుమారు 40 శాతం మనది. మనం రాత్రికి రాత్రి తలుపేస్తే డాకర్‌లో పళ్ళెం ఖాళీ అవుతుంది, ఇక్కడ పుట్టి ధర పడుతుంది. తెరిచిన రోజు లాభం గోదాముల్లో సరుకు దాచినవాడిది.

దేశంలో తిండి కరువైతే ఎగుమతి ఆపొద్దని మనం ఎప్పుడూ అనలేదు, అనం కూడా. అయితే జనం తినే తిండి కోసం ఆపామన్న ఆ ప్రభుత్వమే 2025లో ఆహార సంస్థ బియ్యాన్ని క్వింటా 2,250 రూపాయలకు ఇథనాల్ ఫ్యాక్టరీలకు ఇచ్చింది. 2025-26 ధాన్యం మద్దతు ధరే 2,369. క్వింటా బియ్యం రావాలంటే క్వింటాన్నర ధాన్యం కావాలి. లెక్క మీరే వేసుకోండి.

ఇంకో దారి కూడా ఉంది. 2024 నవంబరులో ఉప ముఖ్యమంత్రి కాకినాడ రేవుకు వెళ్ళి, పశ్చిమ ఆఫ్రికాకు బయల్దేరిన ఓడలో రేషన్ బియ్యం ఉన్నాయని నిలదీసిన దృశ్యం అందరం టీవీలో చూశాం. పేదవాడి దగ్గర పది పరకకు కొని, పాలిష్ పట్టి, సంచి మార్చి పంపుతారు. ఆ ధరకు ఇక్కడ మన ధాన్యం పోటీ పడలేదు. అక్కడ సెనెగల్ నది లోయలో పండించే రైతూ పోటీ పడలేడు.

ఆ లోయ రైతు గురించి మనం ఆలోచించడం అవసరం. 1986లో జామా దగ్గర, 1988లో మాలీలోని మనంతాలి దగ్గర ఆనకట్టలు కట్టాక ఆ నది కింద రెండు పంటల వరి వచ్చింది. డగానా, పోదోర్ ప్రాంతాల్లో మోటార్లతో తోడి పండిస్తారు, డీజిలూ యూరియా అప్పు మీదే. వాళ్ళ పంట మార్కెట్టుకు వచ్చే వేళకు డాకర్ రేవులో మన నూకల ఓడ ఉంటుంది. వాళ్ళ దృష్టిలో మన బియ్యం ఎలా కనబడుతుందో ఊహించుకోండి. అమెరికా పత్తి గురించి మనం ఏమనుకున్నామో అలాగే.

వాళ్ళకూ సంఘాలున్నాయి. 1993లో సెనెగల్ గ్రామీణులు ఒక జాతీయ వేదిక కట్టుకున్నారు. 2000లో పశ్చిమ ఆఫ్రికా దేశాల రైతు సంఘాలన్నీ కలిసి రొప్పా అనే సమాఖ్య పెట్టుకున్నాయి. చాలాకాలం దాన్ని ముందుండి నడిపిన మమదూ సిసోఖో ఊళ్ళో వ్యవసాయం చేసుకోవడానికి బడిపంతులు ఉద్యోగం వదిలి వచ్చినవాడు. వాళ్ళు అడిగేది ఒకటే: మా తిండి మేం పండించుకునే హక్కు. ఆ ఒత్తిడి వల్ల కొన్ని పనులూ జరిగాయి. అక్కడ ఉల్లి కోతకొచ్చే నెలల్లో దిగుమతి ఉల్లిని ప్రభుత్వం ఆపుతుంది. ముందే చెప్పి ఆపుతుంది, పంట అయిపోగానే తెరుస్తుంది. విదేశీ కోడిమాంసాన్ని 2005 నుంచి రానివ్వకపోవడంతో వాళ్ళ సొంత కోళ్ళ పెంపకం నిలబడింది. పేద దేశం చేయగలిగింది మన ఢిల్లీకి చేతకాదంటే నమ్మాలా?

ఏదో ఒక రోజు సెనెగల్ తన బియ్యం తానే పండించుకుంటుంది. పండించుకోవాలి. అప్పుడు మన నూకలు ఎక్కడ అమ్మాలన్న ప్రశ్న వస్తుంది. ఆ దేశం ఎప్పటికీ మన గిరాకీగానే ఉండాలని కోరుకునే సంఘం మనది కాకూడదు. ఫ్రెంచి కంపెనీ కోరుకున్నదీ అదే కదా. మన ధాన్యానికి ధర ఆఫ్రికా ఆకలి మీద కాకుండా మన చట్టం మీద నిలబడాలి.

కాబట్టి ఈ నెల మండల సమావేశాల్లో ఈ నాలుగు విషయాలు చర్చకు పెట్టండి. మద్దతు ధరకు చట్టం, ఎడగారు పంటకు కూడా వర్తించేలా. పుట్టి అంటే 850 కిలోలే, పైన ఒక్క కిలో తరుగు తీసినా కేసు. బియ్యం ఎగుమతి మీద ఏ ఆంక్ష పెట్టినా నాట్లకు ముందే ప్రకటించాలి, కోతల సమయంలో మార్చకూడదు. చౌడు బారిన కయ్యల సర్వే జరగాలి, వరికి తిరిగి రావాలనుకునే రైతుకు కాలవ నీళ్ళ హామీ ఇవ్వాలి. మూడోదాని మీద భిన్నాభిప్రాయం రావచ్చు, ముఖ్యంగా మిల్లుల పక్కనున్న ఊళ్ళలో. వాళ్ళ మాట కూడా పుస్తకంలో రాయండి. తీర్మానాల నకళ్ళు నాట్లు మొదలయ్యేలోగా జిల్లా కార్యాలయానికి చేరాలి. కాటాలో మోసపోయినవాళ్ళు చీటీలు పారేయకుండా జతపరచండి.